గుండెపోటు అనుమానంతో ఆసుపత్రిలో చేరితే: తోడు ఉండే మనిషి ఏం చేయాలి, ఎలా చేయాలి

ఛాతీలో బరువు, ఎడమ భుజం లాగడం, ఒళ్లంతా చెమట. ఇంట్లో ఒకరికి ఇవి కనిపిస్తే ఇల్లంతా ఆసుపత్రికి పరుగెత్తుతుంది. లోపల డాక్టర్లూ నర్సులూ వాళ్ల పని మొదలుపెడతారు. గది బయట నిలబడ్డ మనిషికి మాత్రం తన పని ఏమిటో ఎవరూ చెప్పరు. ఈ వ్యాసం ఆ మనిషి కోసం. మీరు వైద్యం చేయలేరు. కానీ సరైన సమాచారం సరైన సమయానికి డాక్టరు చెవిన వేయగలరు, జరిగినదంతా రాసి పెట్టగలరు, తొందరపాటు నిర్ణయాలను ఆపగలరు. ఆసుపత్రిలో గడిచే ఆ కొద్ది రోజుల మంచిచెడ్డలు చాలావరకు వీటి మీదే ఆధారపడతాయని నా నమ్మకం.

ఇంటి నుంచి బయల్దేరే ముందు

మొట్టమొదట గడియారం చూడండి. నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో చేతికి దొరికిన కాగితం మీద రాయండి. ఆసుపత్రిలో మిమ్మల్ని నలుగురు అడిగే ప్రశ్న ఇదే. రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది కూడా చాలావరకు ఈ సమయాన్ని బట్టే తేలుతుంది. నొప్పి మొదలైన 12 గంటలలోపే ఆ ఇంజెక్షన్‌కు ప్రయోజనం, అందులోనూ తొలి రెండు మూడు గంటల్లో ఇస్తే గుండె కండరం ఎక్కువగా దక్కుతుంది. ‘పొద్దున్నుంచీ’ అని చెబితే డాక్టరుకు ఏమీ తెలియదు. ‘ఉదయం ఆరున్నరకు మొదలైంది, ఎనిమిదింటికి తగ్గింది, తొమ్మిదిన్నరకు మళ్లీ వచ్చింది’ అని చెబితే సగం కథ తెలిసిపోతుంది.

‘గ్యాస్ పట్టిందేమో, కాస్త సోడా తాగితే తగ్గుతుంది.’ మన ఇళ్లలో గుండె విషయంలో ఇంతకన్నా ప్రమాదకరమైన మాట లేదు. గ్యాస్ నొప్పికీ గుండె నొప్పికీ తేడా చెప్పడం అనుభవమున్న డాక్టరుకే ఈసీజీ లేకుండా సాధ్యం కాదు. పైగా మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో, వయసు పైబడినవారిలో ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. ఆయాసం, పొట్ట పైభాగంలో మంట, దవడ లాగడం, అకారణమైన నీరసం, వాంతి వచ్చినట్లుండటం మాత్రమే కనిపించవచ్చు. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ ఇంజెక్షన్ చేయించి ‘చూద్దాం’ అని కూర్చోవద్దు. ఈసీజీ తీసే చోటికి వెళ్లండి.

108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ పల్లెలకు కూడా వస్తుంది. బండి రావడానికి బాగా ఆలస్యమవుతుందంటే కారో ఆటోనో చూసుకోండి. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం మనవైపు చాలా చోట్ల జరుగుతుంది. దారిలో స్పృహ తప్పితే పట్టుకోవడానికి ఎవరి వల్లా కాదు, దయచేసి ఆ పని చేయవద్దు. రోగిని మెట్లు దిగనివ్వకండి, కుర్చీలో కూర్చోబెట్టి దించండి. తనే బండి నడుపుకుంటూ వెళ్తానంటే అసలు ఒప్పుకోవద్దు.

ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలి మింగితే మేలని చాలామంది వినే ఉంటారు. అది నిజమే. అయితే ఆస్పిరిన్ పడనివారికి, కడుపులో పుండు నుంచి రక్తస్రావం అయినవారికి, పక్షవాతం లక్షణాలు కూడా కనిపిస్తున్నవారికి ఇవ్వకూడదు. 108 సిబ్బందినో, ఫోనులో దొరికిన డాక్టరునో అడిగి ఇవ్వడం మంచిది. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. బీపీ తక్కువగా ఉన్నవారికి, వయాగ్రా తరహా మాత్రలు ఒకటి రెండు రోజుల్లో వేసుకున్నవారికి అది ప్రాణం మీదికి తెస్తుంది. పక్కింటివారి డబ్బాలోంచి తెచ్చి పెట్టవద్దు.

సంచిలో పెట్టుకోవాల్సినవి ఎక్కువేమీ లేవు. రోజూ వాడే మందుల పట్టీలన్నీ (రాసుకోవడానికి సమయం లేకపోతే పట్టీలే తీసుకెళ్లండి), పాత ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) కాగితాలు ఉంటే అవి, ఆధార్, రేషన్ కార్డు లేదా ఆరోగ్య బీమా కార్డు, ఫోన్ ఛార్జర్. పాత ఈసీజీని మాత్రం వెతికి మరీ తీసుకెళ్లండి. ఈసీజీలో కనిపిస్తున్న తేడా ఇవాళ వచ్చిందా, ఏళ్లుగా ఉన్నదేనా అన్నది దాన్ని పక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది.

ఏ ఆసుపత్రికి?

క్యాథ్‌ల్యాబ్, అంటే మూసుకుపోయిన గుండె నాళాలను తెరిచే ప్రత్యేక గది, ఉన్న ఆసుపత్రి గంటలోపు చేరగలిగే దూరంలో ఉంటే నేరుగా అక్కడికే వెళ్లండి. హైదరాబాద్‌లో నిమ్స్, విశాఖపట్నంలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్ వంటి ప్రభుత్వ రంగ సంస్థల్లోనూ గుండె వైద్య విభాగాలు, క్యాథ్‌ల్యాబ్‌లు ఉన్నాయి. అంత దగ్గరలో లేకపోతే పెద్ద నగరం దాకా ఆగకుండా ప్రయాణించడం పొరపాటు. ముందు దగ్గరలోని ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలోనో, జిల్లా ఆసుపత్రిలోనో ఈసీజీ తీయించండి. పెద్ద గుండెపోటు, అంటే డాక్టర్లు ‘స్టెమీ’ అనేది అయితే, క్యాథ్‌ల్యాబ్‌కు చేర్చి నాళం తెరిచేసరికి రెండు గంటలు దాటేలా ఉంటే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చి ఆ తర్వాత పంపడం సరైన పద్ధతి. టెనెక్టెప్లేస్ అనే ఆ ఇంజెక్షన్ బయట వేల రూపాయల ఖరీదు. స్టెమీ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో దాన్ని ఉచితంగా ఇస్తున్నారు.

ఒక ఆసుపత్రి నుంచి మరోదానికి తరలిస్తున్నప్పుడు ఈసీజీ కాగితం, ఇచ్చిన మందుల పేర్లు, ఇంజెక్షన్ ఇచ్చిన సమయం రాయించుకోకుండా బయల్దేరవద్దు. చేరబోయే ఆసుపత్రికి ముందే ఫోన్ చేయించండి. ఇంజెక్షన్ పనిచేసిందో లేదో గంట, గంటన్నరలో మళ్లీ ఈసీజీ తీసి చూస్తారు. పనిచేసినా 24 గంటలలోపు యాంజియోగ్రామ్ (గుండె నాళాలను చూసే పరీక్ష) చేయించడం మామూలుగా జరిగేదే. నొప్పి తగ్గింది కదా అని ప్రయాణం రేపటికి వాయిదా వేయకండి.

క్యాజువాలిటీలో

ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ‘ఛాతీ నొప్పి’ అన్న మాట గట్టిగా, ముందుగా చెప్పండి. ఓపీ చీటీ వరుసలో నిలబడవద్దు. ఛాతీ నొప్పితో వచ్చినవారికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతటా అంగీకరించిన ప్రమాణం. పది నిమిషాలు దాటినా తీయకపోతే మర్యాదగానే, కానీ వదలకుండా అడగండి.

డాక్టరు అడగకపోయినా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి: మధుమేహం, బీపీ, కిడ్నీ జబ్బు, ఉబ్బసం, ఏ మందు పడదో, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఈమధ్య ఏదైనా ఆపరేషన్ అయిందా, చివరిసారి ఏం ఎప్పుడు తిన్నారు. సిగరెట్, మద్యం సంగతి దాచవద్దు. నాటు మందులు, పసరు మందులు, చూర్ణాలు వాడుతుంటే అవీ చెప్పండి. వయాగ్రా తరహా మాత్రల సంగతి పిల్లల ముందు చెప్పడానికి పెద్దవాళ్లు మొహమాటపడతారు. అందుకే డాక్టరుకు రోగితో ఒంటరిగా మాట్లాడే అవకాశం ఇవ్వమని నా సలహా. మీరు ఒక్క నిమిషం పక్కకు జరిగితే చాలు.

మొదటి ఈసీజీకి ఫోనులో ఫొటో తీసుకోండి. ఒక చిన్న నోటుపుస్తకం కొని అందులో తేదీ, సమయం వేసి రాయడం మొదలుపెట్టండి. ఏ పరీక్ష ఎప్పుడు చేశారు, ఫలితం ఏమిటి, ఏ డాక్టరు ఏం చెప్పారు. ఈ పుస్తకం డిశ్చార్జి దాకా మీతో ఉండాలి. తోడు ఉండే మనిషి మారినప్పుడు పుస్తకం చేతులు మారాలి. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్లు ఎనిమిది, పన్నెండు గంటలకొకసారి మారిపోతుంటారు. అందరికీ అన్నీ తెలిసి ఉంటాయని అనుకోవద్దు. నిన్న రాత్రి మళ్లీ నొప్పి వచ్చిందన్న సంగతి కొత్త డాక్టరుకు మీ పుస్తకంలోంచి తెలిసిన సందర్భాలు నేను కళ్లారా చూశాను.

‘గుండెపోటా, కాదా?’ అని తేలే వరకు

అన్నింటికన్నా కష్టమైన ఘట్టం ఇది. మొదటి ఈసీజీ మామూలుగా వస్తుంది. రోగికి నొప్పి తగ్గిపోతుంది. బంధువుల్లో ఒకరు ‘ఏమీ లేదు కదా, ఇంటికి తీసుకెళ్దాం, ఊరికే బిల్లు పెంచుతున్నారు’ అంటారు. ఆగండి.

గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. అది పరీక్షకు అందేంత పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే నొప్పి మొదలైన వెంటనే చేసిన పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన గుండెపోటు లేదని చెప్పలేరు. అత్యంత సున్నితమైన కొత్త రకం పరీక్షయితే ఒకటి నుంచి మూడు గంటల తర్వాత, పాత రకమైతే ఆరు గంటల దాకా ఆగి రెండోసారి చేస్తారు. రెండు ఫలితాల మధ్య అంకె పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే ముఖ్యం. ఈసీజీ కూడా మళ్లీ మళ్లీ తీస్తారు. రెండోసారి రక్తం తీస్తుంటే అనుమానించవద్దు. నిజానికి రెండోసారి తీయకుండా పంపిస్తుంటేనే ‘ట్రోపోనిన్ మళ్లీ చేయరా?’ అని అడగాలి.

ఈ వేచి చూసే సమయంలో డాక్టరును ‘అవునా కాదా చెప్పండి’ అని నిలదీస్తే ఉపయోగం ఉండదు. ఆయనకూ ఇంకా తెలియదు. మూడు ప్రశ్నలు అడిగి రాసుకోండి: ఇప్పుడు మీ అనుమానం ఏమిటి? తర్వాతి పరీక్ష ఎన్ని గంటలకు? ఏం జరిగితే మిమ్మల్ని వెంటనే పిలవాలి? ఈ మూడో ప్రశ్నకు జవాబు మీ చేతిలో ఉంటే రాత్రి నడవాలో కూర్చోవడం కాస్త తేలికవుతుంది.

ట్రోపోనిన్ పెరిగిందంటే గుండె కండరానికి ఏదో దెబ్బ తగిలిందని అర్థం. ఆ దెబ్బకు కారణం ప్రతిసారీ నాళంలో అడ్డంకే కానక్కర్లేదు. కిడ్నీ జబ్బు, గుండె వైఫల్యం, గుండె కండరం వాపు, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ వంటి వాటిలోనూ అది పెరుగుతుంది. మరోవైపు ట్రోపోనిన్ మామూలుగా ఉన్నా, నొప్పి విశ్రాంతిలో కూడా వస్తూ పోతూ ఉంటే దాన్ని అన్‌స్టేబుల్ యాంజైనా అంటారు. అది రాబోయే గుండెపోటుకు హెచ్చరిక. ఒక్క అంకె చూసి మీరే తీర్పు చెప్పుకోకండి.

డాక్టరు వద్దన్నా తీసుకెళ్తామంటే ‘వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్తున్నాం’ అని సంతకం పెట్టించుకుంటారు. ఆ సంతకం తర్వాత బీమా క్లెయిములో చిక్కులు తేవచ్చు. ఆసుపత్రి మీద నిజంగా నమ్మకం లేకపోతే ఇంటికి తీసుకెళ్లడం పరిష్కారం కాదు. మరో ఆసుపత్రితో మాట్లాడి అంబులెన్స్‌లో అక్కడికి మార్చండి.

డబ్బు, కార్డులు, కౌంటర్లు

ఈ పనికి వేరే మనిషిని పెట్టండి. రోగి దగ్గర ఉండేవారే కౌంటర్ల చుట్టూ తిరిగితే రెండూ చెడతాయి.

ప్రభుత్వ పథకం కింద చికిత్స చేయించుకోవాలంటే ఆ సంగతి చేర్చేటప్పుడే చెప్పాలి. ముందు నగదు కట్టి చేరి, తర్వాత పథకంలోకి మారాలంటే చాలా తంటాలు పడాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. అనుబంధ ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర లేదా వైద్యమిత్ర అనే ఉద్యోగి ఒకరు ఉంటారు. ఆ బల్ల ఎక్కడుందో మొదటి గంటలోనే కనుక్కోండి. అత్యవసర కేసుల్లో ఫోను ద్వారానే ముందస్తు అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది, ‘కాగితాలు వచ్చాక చూద్దాం’ అంటే ఈ మాట గుర్తు చేయండి. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. ఆ కార్డు ఉంటే ఆ ఆసుపత్రిలో చెల్లుతుందేమో అడగండి.

సొంత ఆరోగ్య బీమా ఉంటే 24 గంటలలోపు కంపెనీకి సమాచారం ఇవ్వండి. నగదు రహిత చికిత్సకు అడిగిన అనుమతిపై గంటలోపు, డిశ్చార్జి సమయంలో తుది అనుమతిపై మూడు గంటలలోపు బీమా కంపెనీ నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ 2024 మే నెలలో ఆదేశించింది. ఆలస్యమైతే ఈ గడువులను ప్రస్తావించండి. గది ఎంచుకునే ముందు మీ పాలసీలో గది అద్దె పరిమితి చూసుకోండి. దాన్ని దాటిన గది తీసుకుంటే చాలా పాలసీల్లో అద్దె తేడా ఒక్కటే కాకుండా డాక్టరు ఫీజు వంటి ఖర్చులు కూడా అదే నిష్పత్తిలో కోసేస్తారు.

చివరికి గుండెపోటు కాదని తేలిన కేసుల్లో ఒక చిక్కు ఉంది. కేవలం పరీక్షల కోసమే చేర్చారంటూ బీమా కంపెనీలు క్లెయిము తిరస్కరిస్తుంటాయి. అందుకే డిశ్చార్జి సమ్మరీలో ఏ లక్షణాలతో వచ్చారు, ఎందుకు పర్యవేక్షణలో ఉంచాల్సి వచ్చింది, ఏ మందులు, ఇంజెక్షన్లు ఇచ్చారు అన్నవి స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోండి. జరిగినది జరిగినట్టు పూర్తిగా రాయమని అడగడం మీ హక్కు.

ఐసీసీయూ రోజులు

ఐసీసీయూలో, అంటే గుండె రోగుల ఇంటెన్సివ్ కేర్ గదిలో, రోగికి తీగలు తగిలించి ఉంటాయి, మానిటర్ కూత పెడుతూ ఉంటుంది. ప్రతి కూతా ప్రమాద సూచన కాదు. తీగ ఊడినా, చెయ్యి కదిపినా కూస్తుంది. రోగి ముఖం చూడండి, నర్సును చూడండి, తెర మీది అంకెలకు కళ్లప్పగించి కూర్చోవద్దు. అయితే రోగి నొప్పి అన్నా, ఊపిరి ఆడటం లేదన్నా, ఒక్కసారిగా చెమట పట్టినా ఎవరో వస్తారని ఎదురుచూడకండి, వెంటనే పిలవండి. ‘నర్సమ్మను విసిగిస్తున్నానేమో’ అని మగవాళ్లు ముఖ్యంగా నొప్పిని దాచుకుంటారు. దాచవద్దని వాళ్లకు ముందే చెప్పి పెట్టండి.

పెద్ద వయసువారు రెండో రాత్రికల్లా తికమక పడటం తరచూ జరుగుతుంది. ఎక్కడున్నారో మరచిపోతారు, సెలైన్ తీగ పీకేస్తారు, లేనివాళ్లతో మాట్లాడతారు. పిచ్చి పట్టిందని బెంబేలెత్తవద్దు. కళ్లద్దాలు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు నర్సు అనుమతితో లోపలికి ఇవ్వండి. లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఇవాళ ఏ వారం, ఇప్పుడు పగలా రాత్రా, ఎందుకిక్కడ ఉన్నారు అన్నది నెమ్మదిగా చెప్పండి. తెలిసిన గొంతు అక్కడ చాలా మేలు చేస్తుంది.

మలబద్ధకం గురించి అడగడానికి సిగ్గుపడకండి. మంచం మీదే ఉండటం, మందులు కలిసి మలం గట్టిపడుతుంది. గట్టిగా ముక్కడం గుండెకు మంచిది కాదు. సిరప్ రాయమంటే డాక్టరు వెంటనే రాస్తారు.

ఇక పరామర్శలు. మన బంధువుల ప్రేమ నిజమైనదే, కానీ ఐసీసీయూ దానికి చోటు కాదు. ఒక్కొక్కరూ వచ్చి మొదటి నుంచి కథంతా చెప్పించుకుంటారు. ఎవరికో ఇలాగే వచ్చి ఎలా పోయారో రోగికి వినిపించేలా చెబుతారు. ఇంట్లో ఒకరిని మాట్లాడే మనిషిగా నిర్ణయించండి. రోజుకు రెండుసార్లు కుటుంబ వాట్సాప్ గ్రూపులో నాలుగు ముక్కలు పెట్టి, ‘ఇంటికి వచ్చాక రండి, ఇప్పుడు లోపలికి పంపడం లేదు’ అని ఆ మనిషే చెప్పాలి. కొబ్బరి బోండాలు, పండ్ల రసాలు తెచ్చినవారికి కృతజ్ఞతలు చెప్పి బయటే ఉంచండి. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి, గుండెకు వాడే కొన్ని మందులు తీసుకునేవారికి అది ప్రమాదం. నీళ్లు కూడా లెక్క ప్రకారమే ఇస్తుంటే, దాహమంటున్నారని చాటుగా తాగించవద్దు.

మీరూ తినండి, మీరూ పడుకోండి. రాత్రికి ఒకరు, పగటికి ఒకరు. నిద్ర లేని మనిషి సంతకాలు పెట్టే స్థితిలో ఉండడు.

యాంజియోగ్రామ్, ఆ వెంటనే అడిగే సంతకం

యాంజియోగ్రామ్ అంటే మణికట్టు లేదా గజ్జ దగ్గర నాళంలోంచి సన్నని గొట్టం పంపి, రంగు మందు ఎక్కించి గుండె నాళాలను చూడటం. రోగి మెలకువగానే ఉంటారు. ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్త పరీక్ష) ఎంతో కనుక్కోండి, రంగు మందు కిడ్నీల మీద భారం వేస్తుంది. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆపాలా అని అడగండి. మణికట్టు నుంచి చేస్తే కొన్ని గంటలు పట్టీ బిగిస్తారు. గజ్జ నుంచి చేస్తే కాలు మడవకుండా వెల్లకిలా పడుకోవాలి. ఆ చోట వాపు, రక్తం, చెయ్యి చల్లబడటం కనిపిస్తే వెంటనే చెప్పండి.

అసలు కష్టం ఇక్కడ వస్తుంది. రోగి ఇంకా లోపల బల్ల మీద ఉండగానే మిమ్మల్ని పిలిచి, తెర మీద నల్లటి గీతలు చూపించి, ‘ఇక్కడ బ్లాకు ఉంది, స్టెంట్ వేయాలి, సంతకం పెట్టండి’ అంటారు. స్టెంట్ అంటే నాళాన్ని తెరిచి ఉంచడానికి లోపల పెట్టే సన్నని జాలీ గొట్టం. ఆలోచించడానికి అయిదు నిమిషాలు కూడా ఉండవు. కాబట్టి ఆ ఆలోచన యాంజియోగ్రామ్‌కు ముందే చేయాలి. లోపలికి తీసుకెళ్లక ముందు డాక్టరును కలిసి అడగండి: బ్లాకు కనిపిస్తే అప్పుడే స్టెంట్ వేస్తారా? ఎలాంటి బ్లాకు అయితే వెంటనే వేయాలి, ఎలాంటిదైతే ఆగవచ్చు? రోగితో కూడా మాట్లాడండి. శరీరం ఆయనది, ఆమెది. పిల్లలే అన్నీ నిర్ణయించేసి పెద్దవాళ్లకు తర్వాత చెప్పడం నాకు నచ్చదు.

స్టెమీ అయి, నాళం పూర్తిగా మూసుకుపోయి ఉంటే వెనుకాడవద్దు. అక్కడ ప్రతి నిమిషమూ కండరమే. రెండో అభిప్రాయం కోసం ఫోన్లు చేస్తూ కూర్చునే సమయం కాదది. ఆసుపత్రి తలుపు దాటిన 90 నిమిషాల్లో ఆ నాళం తెరవాలని డాక్టర్లే తమకు గడువు పెట్టుకుంటారు. స్టెమీ కాని గుండెపోటులోనూ స్టెంట్ అవసరం తరచుగా ఉంటుంది. కానీ చాలా కేసుల్లో గంటలు, ఒకటి రెండు రోజుల వ్యవధి దొరుకుతుంది. గుండెపోటు లేకుండా, నిలకడగా ఉన్న మనిషికి పరీక్షలో బ్లాకు బయటపడితే మాత్రం తొందర అక్కర్లేదు. 2019లో ఫలితాలు వెలువడిన ఇస్కీమియా అనే పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలో, ఇలా నిలకడగా ఉన్నవారికి మంచి మందుల వైద్యం ఇచ్చినా, దానికి తోడు స్టెంట్ లేదా బైపాస్ ఆపరేషన్ చేసినా మరణాల్లో, గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి స్టెంట్‌తో ఉపశమనం బాగా దొరికింది. ఎడమ ప్రధాన నాళంలో బ్లాకు ఉన్నవారిని, గుండె బాగా బలహీనపడినవారిని ఆ అధ్యయనంలో చేర్చలేదు, వారి సంగతి వేరు. 

అందుకే డాక్టరును అడగాల్సిన ప్రశ్న ఇది: ‘ఇవాళ నొప్పి తెప్పించిన నాళం ఏది? దానితో పాటు మిగతావి కూడా ఇవాళే చేయాలా?’ మిగతా బ్లాకులకు తర్వాత చేయడం మంచిదైన సందర్భాలూ ఉన్నాయి, బైపాస్ మేలైన సందర్భాలూ ఉన్నాయి. మూడు నాళాల్లోనూ బ్లాకులుండి, మధుమేహం కూడా ఉంటే బైపాస్ గురించి అడగకుండా స్టెంట్లకు ఒప్పుకోవద్దు. రోగి నిలకడగా ఉంటే యాంజియోగ్రామ్ సీడీ తీసుకుని మరో కార్డియాలజిస్టుకు చూపించే హక్కు మీకుంది. మంచి డాక్టరు దానికి నొచ్చుకోరు.

స్టెంట్ ధరకు పరిమితి ఉంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత ఉన్న స్టెంట్‌కు గరిష్ఠ ధర 29,600 రూపాయలుగా నిర్ణయించింది. ఏటా సవరిస్తూ 2025 నాటికి అది సుమారు 38,900 రూపాయలు, పన్ను అదనం. ‘విదేశీ స్టెంట్, లక్షన్నర’ అని ఎవరైనా అంటే ఈ అంకె గుర్తుంచుకోండి. బెలూన్, గైడ్ వైరు, క్యాథ్‌ల్యాబ్ రుసుము, గది వేరు. కాబట్టి మొత్తం బిల్లు ఎక్కువే అవుతుంది. స్టెంట్ పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, ధర బిల్లులో విడిగా చూపాలి. పెట్టె మీది స్టిక్కర్ మీ కాగితాల్లో అంటించి ఉండేలా చూసుకోండి.

‘ఏమీ లేదు’ అని తేలితే

సంతోషించండి. ఖర్చు దండగైందని రోగిని దెప్పవద్దు. ఒకసారి దెప్పితే, ఈసారి నిజంగా నొప్పి వచ్చినప్పుడు ఆ మనిషి నోరు తెరవడు.

అయితే ‘ఏమీ లేదు’ అన్న మాటతో ఇంటికి రావద్దు. మరి నొప్పి ఎందుకు వచ్చింది? అన్నవాహికలోకి ఆమ్లం పైకి రావడమా, కండరాల నొప్పా, ఆందోళన వల్ల వచ్చిన దాడా? డాక్టరు అనుమానిస్తున్న కారణం సమ్మరీలో రాయించండి. తర్వాత ట్రెడ్‌మిల్ పరీక్షో, సీటీ యాంజియోగ్రామో అవసరమా అని అడగండి. ఎలాగూ రక్తం తీశారు, కొలెస్ట్రాల్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) ఫలితాలు అడిగి తీసుకోండి. తనకు మధుమేహం ఉందన్న సంగతి ఇలాంటి రోజునే బయటపడేవాళ్లు ఎందరో.

డిశ్చార్జి రోజు

ఆ రోజు అందరూ ఇంటికి వెళ్లే హడావిడిలో ఉంటారు. మీరు మాత్రం కూర్చుని సమ్మరీ మొత్తం చదవండి. వయసు, మందుల పేర్లు, ఏ నాళానికి ఏం చేశారు, ఎకోలో గుండె పంపింగ్ శాతం అన్నీ సరిగ్గా ఉన్నాయా చూడండి. పంపింగ్ 55 శాతం పైన ఉంటే మామూలు, 40 కన్నా తక్కువైతే బలహీనం. గుండెపోటు తర్వాత కొన్ని వారాల్లో అది మెరుగుపడుతుంది కూడా, అందుకే ఎకో మళ్లీ ఎప్పుడు తీయాలో అడిగి తేదీ రాసుకోండి. యాంజియోగ్రామ్ సీడీ, ఈసీజీలు, రక్త పరీక్షల కాగితాలు, వివరమైన బిల్లు తీసుకోండి.

మందుల చీటీ పట్టుకుని ప్రతి మందు గురించి మూడు విషయాలు రాయించుకోండి: దేనికి, ఎప్పుడు వేసుకోవాలి, ఎన్నాళ్లు. పాత మందుల్లో ఏవి ఆపాలో కూడా అడగండి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు మింగుతున్నవారు చాలామంది ఉన్నారు. స్టెంట్ వేసినా, గుండెపోటు వచ్చినా ఆస్పిరిన్‌తో పాటు రక్తం గడ్డకట్టకుండా మరో మందు సాధారణంగా ఏడాది ఇస్తారు. దాన్ని కార్డియాలజిస్టు చెప్పకుండా ఒక్క రోజు కూడా ఆపకూడదు. పన్ను పీకించుకోవడానికి వెళ్తే దంతవైద్యుడు ఆపమన్నా సరే, ముందు కార్డియాలజిస్టుకు ఫోన్ చేయాలి. స్టెంట్‌లో గడ్డ కట్టడానికి పెద్ద కారణం ఇలా మధ్యలో మందు మానేయడమే. ఖర్చు భారమైతే జన్ ఔషధి దుకాణాల్లో ఇవే మందులు చాలా తక్కువకు దొరుకుతాయి. మానేయడం కన్నా మార్చుకోవడం ఎంతో మేలు.

ఇంటికి వచ్చాక మొదటి వారం

గొట్టం వేసిన చేత్తో కొన్ని రోజులు బరువులు ఎత్తకూడదు, బిందె మోయకూడదు. ఇంట్లో నడవడం మొదటి రోజు నుంచే మొదలుపెట్టవచ్చు. రోజూ కొద్దికొద్దిగా పెంచండి. మంచం దిగనివ్వకుండా కూర్చోబెట్టడం మేలు కాదు. మెట్లు, బండి నడపడం, ఉద్యోగం, దాంపత్య జీవితం ఎప్పటి నుంచి మొదలుపెట్టవచ్చో డాక్టరును సూటిగా అడగండి. ఆఖరి ప్రశ్న అడగలేక నెలల తరబడి భయంతో గడిపే జంటలున్నాయి.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచా. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, కారప్పొడులు ఇందులోనే లెక్క. పూర్తిగా చప్పిడి కూడు పెట్టి మనిషిని నీరసపరచడం కన్నా, నలుగురూ ఒకే తక్కువ ఉప్పు కూర తినడం మంచిది. సిగరెట్ విషయంలో మాత్రం రాజీ వద్దు.

నొప్పి మళ్లీ వస్తే ఏం చేయాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. డాక్టరు నాలుక కింద మాత్ర రాసి ఉంటే కూర్చోబెట్టి ఒకటి ఇవ్వాలి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108. పడుకుంటే ఆయాసం, కాళ్లకు నీరు, రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం, నల్లటి మలం, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ తేదీ వరకు ఆగవద్దు. ఆ తేదీ, డాక్టరు పేరు, ఆసుపత్రి అత్యవసర విభాగం నంబరు, మందుల జాబితా కూడా అదే కాగితం మీద రాయండి. పగటిపూట రోగి దగ్గర ఒంటరిగా ఉండేవారు, అది పదో తరగతి మనవరాలైనా సరే, దాన్ని ఒకసారి పైకి చదివి మీకు వినిపించాలి.